గోల్ ఘర్ గృహస్థుని కూరల సంచి
(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగము)



గోల్ ఘర్‌లో కాపురమున్న మనకు బజారునకు పోవుట యనగా సముద్రముతో బేరమాడుటయే. ఉల్లి, బంగాళాదుంప, పప్పులు, చింతపండు మున్నగునవి చెన్నై, కోల్‌కతా రేవులనుండి ఓడలపై సుమారు మూడు దినములు ప్రయాణించి రావలెను. వానకారులో ఓడ ఆలస్యమైనచో, ఆ సంగతి అబెర్డీన్ బజారులోని ఉల్లిధరయే మనకు తెలుపును.

అట్టి దినములలో మన సంచి నింపువారెవరు? 1949 మొదలుకొని తూర్పు బెంగాలునుండి వచ్చి యిచట స్థిరపడిన రైతుల సంతతివారు. శ్రీకాకుళ తీరమునుండి వచ్చిన మన జాలరులు. 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపవాసులలో నూటికి సుమారు పదముగ్గురు తెలుగువారే. కావున చేపలబుట్ట యొద్ద మన మాట వినబడుట వింత గాదు.

2004 డిసెంబరు 26 నాటి సునామీవలన దక్షిణ అండమానులో ఎన్నియో పల్లపు పొలములు ఉప్పునీట మునిగినవి. మిగిలిన నేలలో పండిన తోటకూర కట్టపై రూపాయి తగ్గింపుమని పట్టుబట్టుట మనకు లాభమా? ఆ రైతు విసిగి సేద్యము మానినచో, ఓడ రాని నాడు మన పొయ్యిమీది కెక్కు కూర యేది?

కావున ముందు ద్వీపపు కూర కొనుడు. పిదప ఓడ సరకు చూడుడు.