మిరియం కోసిన చేయి ఎవరిది?



మన పాడేరు కొండల్లో, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకే మిరియాల తీగ మీకు తెలిసిందే. దాని పుట్టిల్లు మాత్రం పడమటి కనుమల తడి అడవులు. దాని కథ కొంచెం చెప్తాను.

క్రీస్తుపూర్వం 1213లో చనిపోయిన ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ మమ్మీ ముక్కులో మిరియపు గింజలు దొరికాయి. అంటే మూడు వేల ఏళ్ల కిందటే ఈ గింజ సముద్రం దాటింది. రోమన్ల కాలానికి ఇది పెద్ద వ్యాపారమైంది. ఓడలు నైరుతి గాలి పట్టుకుని కేరళ తీరంలోని ముజిరిస్ రేవుకు వచ్చేవి, చలికాలంలో ఈశాన్య గాలితో తిరిగిపోయేవి. యవనులు బంగారం తెచ్చి మిరియాలు పట్టుకెళ్లేవాళ్లని తమిళ సంగం కవిత్వంలో ఉంది. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికేలో తవ్వితే, గుడి ఆవరణలో 7.5 కిలోల మిరియాలున్న జాడీ బయటపడింది. ఆ జాడీ కూడా మన దేశంలో చేసిందే. 408లో రోమ్‌ని ముట్టడించిన అలారిక్, బంగారం వెండితో పాటు 3,000 పౌన్ల మిరియాలు కూడా కక్కించాడు.

ముజిరిస్ సరుకు మీద రాసుకున్న రెండో శతాబ్దపు ఒప్పంద పత్రం ఒకటి దొరికింది. అందులో ఓడ పేరుంది, హెర్మపొల్లన్ అని. అప్పు సంగతి, సుంకం లెక్క ఉన్నాయి. మరి చెట్టెక్కి గుత్తులు దింపినోళ్ల పేరో? లేదు.

వాళ్లు కోయడమే చేశారనుకోవద్దు. అడవి మిరియంలో ఎక్కువగా ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. ఇప్పుడు తోటల్లో ఉన్నవి చాలావరకు ఒకే గుత్తిలో రెండూ ఉండే తీగలు. బాగా కాసే తీగని గుర్తుపట్టి, దాని ముక్క తెచ్చి నాటి, తరతరాలుగా ఎంచుకుంటూ వస్తేనే అది సాధ్యమైంది. నా దృష్టిలో అది శాస్త్రమే. చేసినోళ్లకి కాగితం లేదు, అంతే.

ఇప్పుడు మనకి కాగితం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(కె), జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమష్టి హక్కు ఇస్తోంది. అడగాలంటే ముందు మన దగ్గర రాసి ఉండాలి కదా. అందుకే ఇంటికెళ్లాక మీ అమ్మమ్మ పక్కన కూర్చోండి. ఏ దుంప ఎప్పుడు తవ్వాలి, ఏ ఆకు దేనికి పనికొస్తుంది, అన్నీ అడిగి రాయండి. చెప్పినవాళ్ల పేరు కూడా రాయండి. ఈసారి మాత్రం ఓడ పేరొక్కటే మిగలకూడదు.