దొంగ పోలీసు – కోర్టు కొలమానం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"కోర్టులో పనిచేశారు గదా, ఈ దొంగ పోలీసుల సంగతి నాలుగు ముక్కలు చెప్పండి" అని మన కార్యదర్శిగారు ఆదేశించారు. గ్రాట్యుటీ, డి.ఎ. బకాయిలు మన చేతికి ఎప్పుడొస్తాయో మనకన్నా ముందు మోసగాళ్లకే తెలుస్తున్న రోజులివి. కనుక విషయం మనదే.

పోలీసు కానివాడు పోలీసునని చెప్పుకుంటే నేరం ఎప్పుడవుతుంది? పాత భారత శిక్షాస్మృతిలో ఇది 170వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 204వ సెక్షన్. మాటలు దాదాపు అవే గానీ శిక్ష పెరిగింది. అప్పట్లో రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇప్పుడు ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, దానితోపాటు జరిమానా.

కోర్టు ఇక్కడ రెండు సంగతులు చూస్తుంది. తనకు లేని ఫలానా ఉద్యోగం ఉన్నట్టు తెలిసి తెలిసీ నటించాడా? ఆ ఉద్యోగం మాటున ఏదైనా పని చేశాడా, కనీసం చేయబోయాడా? పెళ్లిపందిట్లో "నేను ఎస్సైని" అని కోతలు కోసి ఊరుకున్నవాడికి మొదటిదే వర్తిస్తుంది. ఈ సెక్షన్ కింద శిక్ష పడదు. అదే మనిషి రోడ్డు మీద లారీ ఆపి కాగితాలు చూపించమన్నాడనుకోండి, రెండోదీ పూర్తయింది. డ్రైవరు డబ్బు ఇచ్చాడా లేదా అన్నది ఈ సెక్షన్‌కు అక్కరలేదు. చాలామంది "నాకేం నష్టం జరగలేదు గదా, కేసెలా నిలుస్తుంది?" అంటారు. నిలుస్తుంది.

యూనిఫాం సంగతి వేరు. దానికి పాత 171, ఇప్పటి 205. శీర్షికలో మోసపు ఉద్దేశం అని ఉంటుంది గానీ, సెక్షన్ లోపల ఉన్నది మాత్రం చూసేవారు తనను ఆ ఉద్యోగిగా నమ్మాలన్న ఉద్దేశం, లేదా నమ్మవచ్చునన్న ఎరుక. లోపలి మాటలు స్పష్టంగా ఉంటే శీర్షిక వాటిని కుదించలేదన్నది కోర్టుల సాధారణ సూత్రం. నాటకంలో ఇన్‌స్పెక్టర్ వేషం వేసినవాడికి భయం లేదు, అతను పోలీసని ప్రేక్షకులెవరూ నమ్మరు గదా! దీనికి మాత్రం మూడు నెలల వరకే జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మరీ తక్కువని నా అభిప్రాయం.

అమెరికాలోనూ ఇదే చర్చ నడిచింది. ప్రభుత్వ ఉద్యోగినని చెప్పి పుస్తకాలు అమ్మిన బార్నో కేసులో, అలాంటి ఉద్యోగమే లేదు గనుక నేరం లేదని వాదించారు. 1915లో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వ కొలువు గౌరవాన్ని కాపాడటం కూడా ఆ చట్టం పనే అన్నది. 1943లో లెపోవిచ్ కేసు. ఎఫ్‌బిఐ మనుషులమని చెప్పి ఒకరి ఆచూకీ రాబట్టబోయారు. డబ్బు పోనక్కరలేదు, అబద్ధంతో ఎదుటివారిని మరో దారిన నడిపించజూసినా చాలునని తీర్పు.

ఇక "డిజిటల్ అరెస్ట్". మన చట్టంలో అలాంటిది లేదు. వీడియోలో యూనిఫాం వేసుకుని, "కెమెరా ముందు నుంచి కదలకండి" అనేవాడు అధికారం మాటున పని చేస్తున్నట్లే, 204 పడుతుంది. డబ్బు లాగితే మారువేషంతో మోసానికి 319 కింద ఐదేళ్ల వరకు, ఐ.టి. చట్టం 66డి కింద మూడేళ్ల వరకు శిక్ష. హర్యానాలో ఒక వృద్ధ దంపతులకు సుప్రీంకోర్టు ఉత్తర్వులనే దొంగవి చూపించి కోటికి పైగా కాజేశారు. వారి లేఖ మీద 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి, డిసెంబరులో దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది.

మరో ముఖ్య సంగతి. విచారణకు హాజరు కమ్మనే పోలీసు నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఫోనులో నోటీసు వస్తే, దాన్ని చెరపకుండా ఉంచి, నంబరు, సమయం, డబ్బు పంపమన్న ఖాతా వివరాలు రాసుకుని 1930కి ఫోను చేయండి. రేపు కోర్టులో ముద్దాయిని పట్టిచ్చే సాక్ష్యం అవే.