అరువు ఊపిరి

(నస్పూర్‌లో బొగ్గుగని అమరుల స్మారక సభలో చేసిన ప్రసంగం)



బాయిలో ప్రాణాలు పోయినవాళ్ల పేరు మీద జరిగే సభ ఇది. ఇక్కడ బొమ్మల పుస్తకాల సూపర్‌హీరోలతో మొదలుపెడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. అందులో తప్పేమీ లేదు. అయినా మొండికేశాను. గనుల రెస్క్యూ జట్ల చరిత్ర చెప్పడానికి అంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

సూపర్‌మ్యాన్ పుట్టింది 1938లో, అమెరికాలో. 'యాక్షన్ కామిక్స్' మూడో సంచికకే అతను బొగ్గుబాయిలో దిగాడు. భద్రత మీద పైసా ఖర్చుపెట్టని యజమాని గని అది. కూలిన బండ కింద చిక్కుకున్న కార్మికుణ్ణి బయటికి తెస్తాడు. అంతటితో ఊరుకోడు. యజమానీ అతని విందుకొచ్చిన అతిథులూ గనిలోకి దిగినప్పుడు దారి మూసుకుపోయేలా చేస్తాడు. ప్రమాదపు గంట మోగించబోతే అది పనిచేయదు. పార పట్టుకుని తవ్వుకోవలసి వచ్చాక గానీ ఆ పెద్దమనిషికి బుద్ధి రాదు. మన యూనియన్ సభల్లో చెప్పినా చప్పట్లు పడే కథ.

కానీ ఆ హీరో మనకు అక్కరకు రాడు. అతనికి గ్యాస్ అంటదు, బండ తగలదు. బలం పుట్టుకతోనే ఉంది. 1980లో ఎన్టీఆర్ కట్టిన 'సూపర్‌మేన్' పాత్రకైతే ఆంజనేయుడి అనుగ్రహం ఉంది. ఏదీ కోల్పోయే భయం లేనివాడు చేసేది సాహసం ఎట్లా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

1965లో వాలీ వుడ్ అనే చిత్రకారుడు టవర్ కామిక్స్‌లో ఇంకోరకం జట్టును గీశాడు. పేరు 'థండర్ ఏజెంట్స్'. అందులో ఎవరికీ సొంత శక్తి లేదు. జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్త శత్రువుల చేతిలో చనిపోతూ కొన్ని పరికరాలు వదిలి వెళతాడు: ఒక నడుం పట్టీ, ఒక శిరస్త్రాణం, కనిపించకుండా చేసే ఒక అంగీ. వాటిని మామూలు ఉద్యోగులకు పంచుతారు. పట్టీ కట్టుకున్న డైనమోకు కొండంత బలం వస్తుంది గానీ కొద్దిసేపే. గడువు దాటితే ఒళ్లు తట్టుకోదు. తర్వాత జట్టులో చేరిన లైట్నింగ్ వేసుకునే దుస్తులు మెరుపువేగం ఇస్తాయి, బదులుగా ఆయుష్షు తినేస్తాయి. శిరస్త్రాణం పెట్టుకున్న మెంథర్ ఏడో సంచికలో చచ్చిపోయాడు. హీరోలు చావని కాలంలో అది పాఠకులకు పెద్ద దెబ్బ. వాళ్ల శత్రువులు ఎక్కడివాళ్లనుకున్నారు? భూమి అడుగున బతికే జాతి. ఇరవై సంచికలతో 1969లో ఆ పత్రిక ఆగిపోయింది. కథలు గొప్పవేం కావు. ఆలోచన మాత్రం గట్టిది: బలం పరికరానిది, ప్రాణం మనిషిది, మధ్యలో ఒక గడువు.

మనకు ఇది కొత్త సంగతేం కాదు. అర్జునుడి గాండీవం అతని సొత్తా? ఖాండవం కాల్చడానికి అగ్నిదేవుడు వరుణుడి దగ్గర అడిగి తెచ్చి ఇచ్చాడు. మహాప్రస్థానం నాడు అదే అగ్ని దారికి అడ్డం వచ్చి, ఇక తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. అర్జునుడు దాన్ని నీళ్లలో వదిలి నడిచాడు.

నేలకింద అరువు తెచ్చుకోవలసిన మొదటి వస్తువు గాలి. 1878లో హెన్రీ ఫ్లూస్ అనే ఇంగ్లిషువాడు, వదిలిన ఊపిరినే శుద్ధి చేసి మళ్లీ పీల్చుకునే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. దాని అసలు పరీక్ష 1880లో సెవర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగంలో జరిగింది. సొరంగం నీళ్లతో నిండిపోయింది. లోపల మూడు వందల మీటర్లకు పైగా దూరంలో ఒక ఇనుప తలుపు మూస్తే తప్ప నీళ్లు తోడలేరు. అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవరు మొదట మామూలు గాలిగొట్టంతో వెళ్లాడు. అంత పొడవు గొట్టాన్ని చీకట్లో, శిథిలాల మధ్య ఈడ్చుకుపోవడం అతని వల్ల కాలేదు. అప్పుడు ఫ్లూస్ సంచీ వీపుకు కట్టుకుని, ఏ గొట్టమూ లేకుండా వెళ్లి తలుపు మూసి వచ్చాడు.

ఆ పరికరం గుట్టు ఇప్పటికీ అదే. పిల్లలూ, ఇది మీకోసం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ నూటికి 21 వంతులు. వదిలే గాలిలో ఇంకా 16 వంతులకు పైగా మిగిలే ఉంటుంది. అంటే ప్రతి ఊపిరిలో సగానికి మించి వృథా చేస్తున్నాం. వదిలిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును సోడాలైమ్ గుళికలతో పీల్చేయించి, తగ్గిన ఆక్సిజన్‌ను చిన్న సిలిండర్ నుంచి కలిపితే అదే గాలి మళ్లీ పనికొస్తుంది. రెండు లీటర్ల సిలిండర్‌లో 200 రెట్ల ఒత్తిడితో నింపితే 400 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. దాంతో నాలుగు గంటలు. జర్మన్ కంపెనీ డ్రేగర్ చేసిన బీజీ-174, దాని తర్వాతి బీజీ-4 ఇట్లాంటివే. వాయువును పీల్చుకునేటప్పుడు గుళికలు వేడెక్కుతాయి. అందుకే బీజీ-4లో మంచుగడ్డ పెట్టుకునే అర ఉంటుంది. వీపు మీద పదిహేను కిలోల దాకా బరువు, మొహానికి బిగుసుకున్న మాస్కు, కాళ్ల కింద బురద. నోట్లో పెట్టుకునే పాత రకాలతోనైతే మాటే లేదు, హారన్ మోతలతోనో సైగలతోనో చెప్పుకోవాలి.

1906 మార్చి 10న ఫ్రాన్సులోని కూర్రియేర్ గనుల్లో బొగ్గుధూళి పేలి 1,099 మంది చనిపోయారు. శ్వాస పరికరాలతో జర్మనీ నుంచి రెస్క్యూ దళం వచ్చింది. అప్పటికి ఆ రెండు దేశాలకు పడదు. అయినా వచ్చారు. అక్కడ జరిగిన ఇంకో సంగతి మనం మరవకూడదు. ఇక బతికినవాళ్లు లేరని వెతుకులాట తొందరగా ఆపేశారు. ఇరవై రోజుల తర్వాత పదముగ్గురు తమంతట తామే దారి వెతుక్కుంటూ బయటికి వచ్చారు. ఆ తర్వాత ఇంకొకరు దొరికారు. కార్మికుల కోపం సమ్మెగా రగిలింది. ఉత్తర అమెరికా గనుల్లో రెస్క్యూ మనుషులకు వాళ్లు మోసే డ్రేగర్ పరికరం పేరు మీదే డ్రేగర్‌మెన్ అన్న పిలుపు స్థిరపడింది.

మన సంగతికి వద్దాం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు చూశాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. ఆ తర్వాత బొగ్గు గోదావరి వెంట బెల్లంపల్లి, రామగుండం, శ్రీరాంపూర్ దాకా బతుకుదెరువై పాకింది. దేశంలో 1985 నాటి గనుల రెస్క్యూ నిబంధనలు వచ్చాక ఎంత మందికి ఏ శిక్షణ, ఎన్ని పరికరాలు, ఎంత దూరంలో కేంద్రం అన్నది చట్టం అయింది. మన సింగరేణి గనుల రెస్క్యూ స్టేషన్ రామగుండంలో ఉంది. జట్టులో పనిచేసేది ఆకాశం నుంచి దిగినవాళ్లు కాదు. ఓవర్‌మన్, సర్దార్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఎవరైనా కావచ్చు. డాక్టరు పరీక్షలో నెగ్గాలి, పొగా వేడీ నింపిన గ్యాలరీలో బరువులు మోసి చూపించాలి, ఆ పైన ఎప్పటికప్పుడు మళ్లీ సాధన చేయాలి. మిగతా రోజుల్లో మీ పక్కనే మస్టర్ పడి, మీతోనే బాయిలో దిగుతారు.

జట్టు నియమాల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఒకటుంది. మంచి గాలి ఉన్న చోట స్థావరం పెట్టుకుంటారు. అక్కడ ఇంకో జట్టు సిద్ధంగా ఉంటే గానీ మొదటి జట్టు ముందుకు కదలదు. లోపల కెప్టెన్ ఆగి ఆగి అందరి గేజీలూ చూస్తాడు. ఎవరి సిలిండర్‌లో అతి తక్కువ ఆక్సిజన్ ఉందో అతని లెక్కే జట్టు లెక్క. పోవడానికి ఖర్చయిన దానికి రెట్టింపు తిరుగుదారికి మిగలాలన్నది పాతకాపుల సూత్రం. ఒకరి మాస్కు కారితే జట్టంతా వెనక్కి రావాలి. ఇంకో వంద గజాల్లో మనిషి ఉన్నాడని తెలిసినా రావాలి. ఇది కామిక్ పుస్తకంలో గీస్తే పిల్లలు ఒప్పుకోరు. గనిలో ఇదే అసలైన ధైర్యం. తోటివాణ్ణి కాపాడబోయి విషవాయువుకు బలైన రెస్క్యూ మనుషుల జాబితా ప్రపంచం మొత్తం మీద చాలా పొడవు.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం చెప్పకపోతే ఈ సభకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఈ పరికరాలు గ్యాసుకూ మంటకూ పుట్టాయి. మన నేలలో మనుషుల్ని ఎక్కువగా బలి తీసుకున్నవి బండ, నీళ్లు. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మందిని మింగాయి. 2021 నవంబరు 10న ఇక్కడే, మన శ్రీరాంపూర్ ఎస్సార్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు పోయారు. వాళ్లలో ఎవరి ఇంటివాళ్లయినా ఈ సభలో ఉంటే, మీ ముందు తల వంచుతున్నాను. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలినప్పుడు రెస్క్యూ జట్లు కొందరిని ప్రాణాలతో తెచ్చాయి, ముగ్గుర్ని తేలేకపోయాయి. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు సైన్యం, ఎన్డీఆర్ఎఫ్ పక్కన సింగరేణి జట్లు కూడా బురదలో పనిచేశాయి. ఎనిమిది మందిలో ఒక్కరూ బతికి రాలేదు.

బండకూ నీళ్లకూ వేరే అరువు కావాలి: జాక్‌లు, దుంగలు, పంపులు, బోరు యంత్రాలు. 1989 నవంబరులో పశ్చిమ బెంగాల్ రాణిగంజ్ ప్రాంతంలోని మహావీర్ గనిలో నీళ్లు చుట్టుముట్టినప్పుడు జస్వంత్ సింగ్ గిల్ అనే గని ఇంజనీరు చేసింది అదే. పైనుంచి బోరు వేయించి, అందులో పట్టే ఉక్కు గొట్టం అక్కడికక్కడే చేయించి, తానే మొదట అందులో దిగాడు. 65 మందిని ఒక్కొక్కరినే పైకి పంపి ఆఖరున వచ్చాడు. అన్నిటికంటే ముందు కావలసింది పైకప్పుకు వేళకు పడే బోల్టు, సర్దార్ ఆపమన్నప్పుడు ఆగే పని. కూలకుండా ఆపిన బండకు ఏ పత్రికలోనూ వార్త రాదు. అందుకే దాని మీద ఖర్చు పెట్టించడం కష్టం. సూపర్‌మ్యాన్ చేత గని యజమానిని శిక్షింపజేసిన ఆ కథారచయితకు 1938లోనే ఈ సంగతి తెలుసు.

కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు 2019లో స్త్రీలకూ భూగర్భ గనుల్లోకి దారి తెరిచింది. రేపటి జట్టులో మీ అక్కచెల్లెళ్లూ ఉంటారు.

చివరగా ఒక విన్నపం. రెస్క్యూలో చేసి రిటైరైనవాళ్లు నస్పూర్, శ్రీరాంపూర్, మందమర్రి కాలనీల్లో ఇంకా ఉన్నారు. ఏ గనిలో ఎప్పుడు దిగారు, ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరిగారు, వాళ్లతో చెప్పించి రాసుకోవాలి. ఫోనులో రికార్డు చేసినా చాలు. వాటితో తెలుగులో ఒక బొమ్మల పుస్తకం వేయాలని నా కోరిక. గీయగలిగిన పిల్లలు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, సభ అయ్యాక వేదిక దగ్గరికి రండి. కాగితాలూ రంగులూ నేను చూసుకుంటాను.