ఆకలి వేళ ఎరిగి వడ్డించడం
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ మలేషియా నేలపై మూడవ తరం వాడిని. ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. నా తెలుగు సాయంకాలపు తరగతులలో నేర్చుకున్న తెలుగు. తప్పులు దొర్లితే మన్నించవలసినదిగా కోరుతున్నాను. తెలుగు భాష గొప్పదనం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఫలహారం గురించి మాట్లాడతానన్నాను. ఆయన నవ్వి, సరే కానివ్వండి అన్నారు.

కొన్ని నెలల క్రిందట మా ఇంటావిడకు అరవై ఏళ్లు నిండాయి. "తాతా, అమ్మమ్మను ఈసారి మంచి చోటికి తీసుకువెళ్దాం" అని మనుమరాలు పట్టుబట్టింది. కౌలాలంపూరులోని బంగ్సార్ ప్రాంతంలో ఒక నవనాగరిక ఫలహారశాల. ఆదివారం ఉదయం అక్కడ చోటు దొరకడమే గొప్పట. మా అమ్మాయి, అల్లుడు, మనుమరాలు, మేమిద్దరం, మొత్తం ఐదుగురం బయలుదేరాము.

ఈ బంగ్సార్ ఒకప్పుడు రబ్బరు తోట. బుంజ్, గ్రిసార్ అనే ఇద్దరు తెల్లవారి పేర్లు కలిసి ఈ పేరు ఏర్పడిందని చెబుతారు. మా తాత, మామ్మ పనిచేసింది పేరాక్ రాష్ట్రంలోని తోటలో గానీ ఇక్కడ కాదు. అయినా ఎక్కడ రబ్బరు తోట పేరు విన్నా నాకు మా మామ్మే గుర్తుకు వస్తుంది. ఆమె మాట తరువాత చెబుతాను.

హోటలు చూడముచ్చటగా ఉంది. గోడలకు తీగలు, పైన రాగి దీపాలు. కానీ ఏం కావాలని అడిగే మనిషి లేడు. బల్ల మీద ఒక నలుపు గళ్ల ముద్ర ఉంది. దానిని ఫోనుతో చూసి, కావలసినవి ఫోనులోనే నొక్కాలి. అల్లుడు నొక్కాడు. పదిహేను నిమిషాలలో వస్తాయని ఫోను చెప్పింది. ఆ మాట నమ్మి మా ఇంటావిడ ఫలహారానికి ముందు వేసుకునే షుగరు మాత్ర వేసుకుంది. అప్పుడు సమయం తొమ్మిదిన్నర.

పదయింది. ఏమీ రాలేదు. అటుగా వెళ్తున్న కుర్రవాడిని పిలిచి అడిగాను. "సిస్టంలో ఉంది అంకుల్" అని తలెత్తకుండానే వెళ్లిపోయాడు. పదింపావుకు అల్లుడి పాన్‌కేకులు వచ్చాయి. తరువాత మా అమ్మాయికి అవకాడో పరచిన రొట్టె వచ్చింది. కత్తి దిగనంత గట్టిగా ఉంది. నాకు వచ్చిన గుడ్లు చల్లారిపోయి ఉన్నాయి. పైగా అవి మేము అడిగినవి కావు. మా ఇంటావిడ పళ్లెం మాత్రం రాలేదు. ఇంకొకసారి అడిగాను. మళ్లీ సిస్టమే.

పుట్టినరోజు మనిషి ముందు మేము ఎలా తింటాము? నా పళ్లెం ఆమె వైపు జరిపాను. "ఈ చల్లటి గుడ్లు నాకొద్దు, నాది వచ్చేస్తుందిలెండి" అంది. ఇంతలో ఆమె నుదుట చెమటలు పట్టాయి. చెంచా పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. మనుమరాలు ఏదో అడిగితే పొంతన లేని జవాబు చెప్పింది. నేను సంగతి గ్రహించి లేచేలోపే, బల్లలు తుడిచే ఒక యువకుడు గ్లాసుతో వచ్చాడు. అతడు వేరే దేశం నుండి పనికి వచ్చినవాడు. గ్లాసులో నీళ్లు, నీళ్లలో మూడు నాలుగు చెంచాల చక్కెర. "మా అమ్మకూ ఇలాగే అవుతుంది" అన్నాడు వచ్చీరాని మలాయ్ భాషలో. పావుగంటలో ఆమె తేరుకుంది.

ఇక్కడ ఒక మాట. 2023 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ దేశంలో పెద్దవారిలో సుమారు ఆరుగురిలో ఒకరికి షుగరు వ్యాధి ఉంది. కొన్ని మాత్రలు వేసుకున్న తరువాత తిండి ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, తికమక దాని గుర్తులు. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. పావుగంట తరువాత మళ్లీ చూడాలి. పళ్లెం కళ్లెదుటికి వచ్చిన తరువాతనే మాత్ర వేసుకోవడం మేలని ఆ రోజు మేము నేర్చుకున్నాము.

బిల్లు 186 రింగ్గిట్లు. దానిపై పది శాతం సేవా రుసుము, అంటే 18 రింగ్గిట్ల 60 సెన్లు. పన్ను వేరే. ఆ రోజు మాకు సేవ చేసినవాడు ఒక్కడే. ఆ రుసుములో అతడికి ఎంత ముట్టిందో ఆ బిల్లులో లేదు. అతడి చేతిలో కొంత డబ్బు పెట్టబోయాను. తీసుకోలేదు.

ఇంటికి వచ్చాక మనుమరాలు కోపంతో ఆ హోటలును నలుగురిలో ఎండగడతానంది. ముందు యజమానితో మాట్లాడదామన్నాను. మరునాడు ఇద్దరం వెళ్లాము. ఆయన మర్యాదగానే విన్నారు. వంటవాళ్లు ఇద్దరు ఆ రోజు రాలేదట. "ఆ సంగతి లోపలికి వచ్చేటప్పుడే చెప్పి ఉంటే మేము వేరే చోటికి పోయేవాళ్లం కదా" అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. కేకు ఉచితంగా ఇస్తామన్నారు. షుగరు మనిషికి కేకు ఎందుకని మనుమరాలే అడిగింది.

ఇప్పుడు మా మామ్మ సంగతి. ఆమె శ్రీకాకుళం వైపు నుండి మా తాతతో ఓడ ఎక్కి వచ్చింది. రబ్బరు పాలు ఎండ ఎక్కక ముందే బాగా కారుతాయి. అందుచేత తోటలో చీకటితోనే పెరట్టుకు, అంటే హాజరు పిలుపుకు, నిలబడాలి. మామ్మ నాలుగింటికే లేచి పొయ్యి రాజేసేది. రేకు గ్లాసులో పాలు లేని కాఫీ, చద్దన్నం, ఒక ఉల్లిపాయ, మిరపకాయ. అంతే ఫలహారం. కానీ ఆమెకు ఒక నియమం ఉండేది. తోటకు ముందు పోయేవాడికి ముందు పెట్టాలి. ఇంటికి పెద్ద మా తాతే అయినా, ఆయన వంతు మా చిన్నాన్న తరువాతనే. "అడగందే అమ్మైనా పెట్టదు" అని సామెత. మా మామ్మ ఎవరూ అడగకుండానే ముఖం చూసి పెట్టేది.

ఇంతవరకు విని మీరందరూ ఆ హోటలును తిట్టుకుంటున్నారు. నేనూ కొన్నాళ్లు తిట్టుకున్నాను. ఒక రాత్రి మా ఇంటావిడ అంది: "ఆ హోటలు వాళ్లను అంటున్నారు గానీ, క్రిందటేడు మన ఉగాది సంగతి మరిచారా?"

మరిచాననే చెప్పాలి. క్రిందటేడు మన హాలులో ఉదయం ఎనిమిదిన్నరకు ఉప్మా, ఇడ్లీ సిద్ధంగా ఉన్నాయి. ముఖ్య అతిథి రాలేదు. వారు వచ్చి, దీపం వెలిగించి, ఉపన్యాసాలు ముగిసేసరికి పదకొండయింది. వెనుక వరుసలో ముసలివారు, పసిపిల్లల తల్లులు చూస్తూ కూర్చున్నారు. ఒక పెద్దమ్మ వచ్చి "బాబూ, ఒక ఇడ్లీ దొరుకుతుందా, మందు వేసుకోవాలి" అని అడిగింది. "ఇంకాసేపట్లో అమ్మా, ప్రోగ్రాములో ఉంది" అన్నాను. వంటగది తాళంచెవి నా జేబులోనే ఉంది.

హోటలు కుర్రవాడు సిస్టం అన్నాడు. నేను ప్రోగ్రాము అన్నాను. ఇద్దరమూ ఎదుటి మనిషి ముఖం చూడలేదు. ఆ కుర్రవాడు కొత్తవాడు కావచ్చు. నేను మా మామ్మ చేతి చద్దన్నం తిని పెరిగినవాడిని. ఆ పెద్దమ్మ ఈ రోజు సభలో ఉన్నారు. అమ్మా, అందరి ముందు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

కార్యవర్గానికి నా మనవి మూడు ముక్కలు. ఒకటి, ఏ అతిథి కోసమూ ఫలహారం ఆపవద్దు. రెండు, మొదటి పళ్లేలు వృద్ధులకు, పసివారికి, మందులు వేసుకునేవారికి. వారిని వరుసలో నిలబెట్టకుండా కూర్చున్న చోటికే అందించాలి. మూడు, వడ్డన మన సాయంకాలపు తరగతి పిల్లల చేత చేయించాలి. వారికి మూడే మాటలు నేర్పుదాం: "ఆకలేస్తోందా?", "ఇంకొంచెం వేయనా?", "మారు వడ్డించనా?" పుస్తకంలో నెల రోజులకు రాని తెలుగు పంక్తిలో ఒక్క పూటకు వస్తుంది.

కార్యదర్శిగారు అడిగిన భాష గొప్పదనం గురించి నాకు తెలిసినది ఇంతే. గడియారం చూస్తే తొమ్మిది కావస్తోంది. నా ప్రసంగం ఇంకా ఒక పేజీ ఉంది. దానిని చదవను. తాళంచెవి ఈ రోజు కూడా నా దగ్గరే ఉంది. పిల్లలూ, రండి, వంటగది తెరుద్దాం.