పడకగది పక్కన గీజరు గోల



మన అమ్మమ్మల రోజుల్లో స్నానానికి నీళ్ళు పెరట్లో కాగేవి. రాగి బాయిలరు నడుమ గొట్టంలో నాలుగు బొగ్గులు వేసి రాజేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోయేవి. ఇప్పుడు మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ అపార్టుమెంట్లలో పెరడేదీ? మంచం తలాపు గోడకు అవతలి వైపునే గీజరు వేలాడుతూ ఉంటుంది. తెల్లవారుజామున ఎవరో ఒకరు స్విచ్చి వేస్తారు. ఇక టిక్కుటిక్కులూ, గుడగుడలూ మొదలు. అర్ధరాత్రి దాకా చదువుకున్న పిల్లకూ, బి.పి. ఉన్న అత్తగారికీ కాస్త కన్నంటుకునేది ఆ వేళకే కదా!

"గీజరన్నాక చప్పుడు చెయ్యదా" అని ఊరుకోకండి. ఏ చప్పుడు ఎందుకు వస్తోందో కనిపెడితే సగం పని అయినట్టే.

మొదటిది గుడగుడ. దీనికి కారణం మన బోరు నీళ్ళు. 2004లో కృష్ణా నీళ్ళు మన సాహెబ్‌నగర్ దాకా వచ్చాయి, నిజమే. అయినా చాలా ఇళ్ళలో సంపులో కృష్ణా నీళ్ళూ, బోరు నీళ్ళూ కలిసిపోతూనే ఉన్నాయి. తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిదనీ, వేరే దారి లేనప్పుడు 600 దాకా పరవాలేదనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. కుళాయిల మీద తెల్లటి మచ్చలు కట్టాయంటే నీళ్ళు బాగా కఠినమైనవన్న మాట. అలాంటి నీళ్ళు కాగినప్పుడు అందులోని సున్నం లోపలి కాయిల్ మీద పెచ్చులా పేరుకుంటుంది. ఆ పెచ్చు కింద చిక్కుకున్న నీరు ఆవిరై, బుడగలుగా పగులుతుంటే వచ్చేదే ఆ గుడగుడ. ఏడాదికొకసారి, చలికాలానికి ముందే మెకానిక్‌ను పిలిచి పెచ్చు తీయించండి. లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోయిందేమో కూడా చూడమనండి. వేడి 60 డిగ్రీలు మించకుండా పెట్టుకుంటే పెచ్చు కట్టడం తగ్గుతుంది. చప్పుడుతోబాటు కరెంటు ఖర్చూ కలిసి వస్తుంది.

రెండోది గోడ అదురు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకు బిగించిన గీజరు బోల్టులు వదులైతే గోడంతా జుయ్‌మంటుంది. బోల్టులు బిగించి, గోడకూ పట్టీకీ మధ్య రబ్బరు వాషర్లు వేయించండి. మంచం తలాపు వేరే గోడకు మార్చి, ఈ గోడ వైపు బట్టల బీరువా జరిపితే ఇంకాస్త నయం.

మూడోది కుళాయి కట్టగానే ధన్‌మనే చప్పుడు. పరుగెత్తే నీరు ఒక్కసారి ఆగి పైపును కొడుతుంది. మేడ మీద ప్రెషర్ పంపు ఉన్న ఇళ్ళలో ఇది ఎక్కువ. పంపు ఒత్తిడి కొంచెం తగ్గించి, పైపులకు రబ్బరు పెట్టి క్లాంపులు బిగిస్తే సరి. కింద సంపు మోటారుకు కూడా అడుగున రబ్బరు దిమ్మలు వేయించాలి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం చెవిన వేసుకోండి. చప్పుడు బయటికి రాకూడదని బాత్రూము వెంటిలేటరుకు గుడ్డలు కుక్కకండి. గ్యాస్ గీజరు ఉన్న ఇంట్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. గాలి ఆడనిచోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానం చేస్తున్న మనిషి కేక వేసే వ్యవధి కూడా లేకుండా పడిపోవచ్చు. గ్యాస్ గీజరును బాల్కనీలో, గాలి ధారాళంగా వీచేచోట పెట్టించండి. అలాగే కరెంటు గీజరు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా కొట్టకండి. లోపలి ఒత్తిడి పోయే దారి అదే.

ఇక ఇరుగుపొరుగు సంగతి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. పడకగదిలో 30 మించకుంటేనే నిద్ర చెడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంతమాత్రాన చట్టం చేతబట్టుకుని పై వాటా తలుపు కొట్టనక్కర్లేదు. "వదినగారూ, మా అత్తయ్యకు నిద్ర పట్టడం లేదండీ" అని నెమ్మదిగా చెప్పి చూడండి. అసోసియేషను మీటింగులో మోటారు వేళలు పగటికి మార్చమని అడగండి.

పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. రాత్రి పడుకోబోయే ముందే గీజరు వేసి, నీళ్ళు కాగాక కట్టేయండి. వేడి నిలిపే పొర బాగున్న గీజరైతే, తెల్లారేసరికి కూడా నీళ్ళు చాలామటుకు వెచ్చగానే ఉంటాయి. నీళ్ళు మరీ పొగలు కక్కకపోయినా ఇంటిల్లిపాదీ కంటినిండా నిద్రపోతారు.