పండగనాడే తలనొప్పి ఎందుకొస్తుంది?



"పనున్న రోజునే నీకు తలనొప్పి వస్తుందేమమ్మా?" అన్న మాట మన ఇళ్ళల్లో తరచు వినబడుతూనే వుంటుంది. అత్తగారు అనొచ్చు, ఆడపడుచు అనొచ్చు, ఒక్కోసారి కన్నతల్లే అనొచ్చు. ఆ మాట పడ్డ ఇల్లాలు జవాబు చెప్పలేక ఊరుకుంటుంది. ఎందుకంటే అది నిజమే! అట్లతద్దినాడు వస్తుంది. కార్తీక సోమవారంనాడు వస్తుంది. కనుమనాడు ఇంటినిండా చుట్టాలున్నప్పుడు వస్తుంది. వంటింట్లో పదిమందికి వండాల్సిన మనిషి తలుపు వేసుకుని చీకట్లో పడుకుంటే చూసేవాళ్ళకు ఏదోలా వుంటుంది మరి.

ఇవాళ నేను చెప్పదల్చుకున్నది ఆ ప్రశ్నకు జవాబే. పనున్న రోజునే వస్తుంది, నిజం. కాని అది పని తప్పించుకోడానికి కాదు. ఆ నొప్పిని లేపే కారణాలన్నీ ఆ ఒక్క రోజునే కూడబలుక్కున్నట్టు వచ్చి పడతాయి. ఆ సంగతి తెలుసుకుంటే సగం బాధ తప్పించుకోవచ్చు.

ముందు ఈ నొప్పి ఏదో గుర్తుపట్టాలి. మనవాళ్ళు పార్శ్వపు నొప్పి అంటారు, ఒంటి తలనొప్పి అంటారు. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. సాధారణంగా ఒక కణతలో మొదలై, గుండె కొట్టుకున్నట్టు తపతపా కొట్టుకుంటుంది. కొందరికి రెండువైపులా కూడా రావచ్చు. నాలుగడుగులు వేస్తే, మెట్లెక్కితే ఎక్కువవుతుంది. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. వెలుతురు చూడలేం, గిన్నెల చప్పుడు భరించలేం. మందు వేసుకోకపోతే నాలుగు గంటలనించి మూడు రోజులదాకా వుంటుంది. కొందరికి నొప్పికి ముందు కళ్ళెదుట వంకరటింకరగా మెరుపుగీతలు కనిపిస్తాయి, చూపు కొంతమేర మసకేస్తుంది. దీన్ని ఆరా అంటారు. అది మామూలుగా అయిదు నిమిషాలనించి గంటదాకా వుండి పోతుంది.

ఇది కొత్తగా వచ్చిన నాజూకు జబ్బేమీ కాదు. మన సుశ్రుతసంహితలో చెప్పిన పదకొండు శిరోరోగాల్లో అర్ధావభేదకం ఒకటి. అంటే సగం తలను చీల్చే నొప్పి అని. పొద్దెక్కేకొద్దీ పెరిగి, పొద్దు వాలితే తగ్గే నొప్పికి సూర్యావర్తం అని పేరు పెట్టారు. గ్రీకు వైద్యులు కూడా సగం తల అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఆ మాటే అరిగి అరిగి మైగ్రేన్ అయింది.

ఎంతమందికి వుంటుందనుకుంటున్నారు? మన పొరుగున కర్ణాటకలో ఇంటింటికీ వెళ్ళి 2329 మందిని అడిగి చూసి, 2015లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఏడాదికాలంలో నూటికి పాతికమందికి ఈ నొప్పి వచ్చింది. అంటే నలుగురిలో ఒకరికి! మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ అనే హార్మోను చప్పున పడిపోవడం ఇందుకో కారణం. అందుకే చాలామందికి బయటచేరే రెండు రోజుల ముందునించి మూడోరోజుదాకా నొప్పి వస్తుంటుంది. గర్భంతో వున్నప్పుడు మూడు నెలలు దాటాక, ముట్లుడిగాక చాలామందికి తెరిపిస్తుంది. తల్లికుంటే బిడ్డకు రావడమూ ఎక్కువే.

నొప్పి వచ్చేది మనసు బలహీనతవల్ల కాదు. ముఖానికీ తలకూ స్పర్శ తెచ్చే ఒక పెద్ద నరం వుంది. అది రేగినప్పుడు సి.జి.ఆర్.పి. అనే పదార్థం విడుదలై, మెదడు పైపొరల్లోని రక్తనాళాలను ఉబ్బించి నొప్పి పుట్టిస్తుంది. ఈ సంగతి తేల్చినందుకు నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ అనే పెద్ద బహుమతి ఇచ్చారు. కాబట్టి "అదంతా నీ ఊహ" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక పండగ సంగతికి వద్దాం. ఈ నొప్పి వున్నవాళ్ళ మెదడు మార్పును ఓర్చుకోలేదు. నిద్ర తగ్గినా, పెరిగినా, భోజనం వేళ తప్పినా, ఎండ తగిలినా అది చిరాకు పడుతుంది. ఒక్కొక్కటీ బిందెలో ఒక్కో చెంబు నీళ్ళు పోసినట్టు. ఒక చెంబుకు బిందె నిండదు. నాలుగైదు కలిస్తే ఒలుకుతుంది.

మీలో చాలామంది హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో కాపురాలుంటున్నా, పండగలకు అమలాపురమో రాజోలో కొత్తపేటో వెళ్ళేవాళ్ళేగా! సంక్రాంతి ప్రయాణమే చూడండి. రాత్రి బస్సెక్కి తెల్లారకముందే రావులపాలెంలో దిగుతారు. నిద్ర లేదు, అదో చెంబు. అక్కణ్ణించి కాలవగట్టు వెంట ఊరికి వెళుతుంటే కొబ్బరిచెట్ల మధ్యనించి పొద్దుటి ఎండ మినుకు మినుకుమంటూ కళ్ళలో పడుతుంది. చూడ్డానికి బావుంటుంది గాని, అలా వెలుగూ నీడా మారి మారి కొట్టడం కొందరికి పడదు. అదింకో చెంబు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళితే మిట్టమధ్యాహ్నపు ఎండ, జనం, డప్పులు, బాణసంచా పొగ. వేళకు భోజనం వుండదు, దాహానికి నీళ్ళూ వుండవు. సాయంత్రానికి ఇంటికొచ్చి మంచం పట్టకపోతే ఆశ్చర్యపడాలి.

అట్లతద్ది ఇంకా చక్కని ఉదాహరణ. తెల్లవారుజామునే లేచి ఉట్టికింద ముద్ద తింటాం. ఆపైన చంద్రుణ్ణి చూసేదాకా ఉపవాసం. రోజూ తాగే కాఫీ కూడా కొందరు మానేస్తారు. కాఫీ అలవాటున్నవాళ్ళకు ఒక్కరోజు మానితేనే తలనొప్పి వస్తుందని తెలుసుగా! పైగా తలంటు, తడిజుట్టుకు సాంబ్రాణి పొగ, సాయంత్రం పొయ్యిదగ్గర నిలబడి వాయనాలకు అట్లు పొయ్యడం. ఆ రోజు నెలసరి దగ్గర్లో వుందా, ఇంక చెప్పక్కర్లేదు.

తలంటువల్ల తలనొప్పి వస్తుందంటే నవ్వేవాళ్ళున్నారు. నవ్వక్కర్లేదు. బొంబాయిలో తలనొప్పులకు వైద్యం చేసే డాక్టర్ కె. రవిశంకర్ గారు 2006లో ఈ విషయంమీదే ఒక వైద్యపత్రికలో వ్యాసం రాశారు. ఆయన చూసిన 1500 మంది మైగ్రేన్ రోగుల్లో 94 మంది తలస్నానంతో నొప్పి వస్తుందని చెప్పారట. పాశ్చాత్య వైద్యగ్రంథాలు పెద్దగా పట్టించుకోని కారణం ఇది. మన అమ్మమ్మలకు మాత్రం ఎప్పుడో తెలుసు.

అయితే కనిపించిన ప్రతిదాన్నీ కారణమనుకోకూడదు. నొప్పి రావడానికి ఓ పూట ముందో, ఓ రోజు ముందో కొందరికి ఆవలింతలు, విసుగు, మెడ పట్టేయడం, తీపి తినాలని ఒకటే కోరిక కలుగుతాయి. నిజానికి జబ్బు అప్పుడే మొదలైందన్నమాట. ఆ కోరికతో ఆత్రేయపురం పూతరేకులు నాలుగు తింటారు. మర్నాడు నొప్పొస్తే పాపం పూతరేకుల మీద తోసేస్తారు! ఇలా ఒక్కొక్కటీ మానుకుంటూ పోతే చివరికి చారూ అన్నమే మిగులుతాయి, నొప్పి మాత్రం పోదు.

మరి అసలు కారణం పట్టుకోడం ఎలా? వంటింటి గోడమీద కేలండరు వుంటుంది కదా. పాలలెక్క, గ్యాసు తెచ్చిన తేదీ రాసుకునేది. దానిమీదే నొప్పి వచ్చిన రోజున ఒక గుర్తు పెట్టండి. పక్కన పొట్టిగా రాయండి: ఎన్నింటికి మొదలైంది, ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, ఏ పూట భోజనం తప్పింది, తలంటు పోసుకున్నారా, ఎండలో తిరిగారా, నెలసరి ఎప్పుడు, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నారు. మూడు నెలలు ఓపిగ్గా రాస్తే మీ బిందెలో నీళ్ళు పోసేదెవరో మీకే కనిపిస్తుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ కాగితం చూపిస్తే, అరగంటసేపు చెప్పినా తెమలని సంగతి ఆయనకు రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

అప్పుడు చెయ్యాల్సింది పండగ మానుకోవడం కాదు, చెంబులు తగ్గించుకోవడం. నెలసరిని మార్చలేం, ఎండాకాలాన్ని ఆపలేం. మిగతావి మన చేతిలో వున్నాయి. ఉపవాసముండి తీరాలంటే పాలు, పళ్ళు, కొబ్బరినీళ్ళు మూడేసి గంటలకోసారి తీసుకోండి. నిరాహారంగా వుండమని దేవుడు పట్టుబట్టడు. కాఫీ తాగేవాళ్ళు ఆ వేళకు ఆ కప్పు తాగెయ్యండి. తలంటు ముందురోజే కానిచ్చుకుని, జుట్టు బాగా తుడిచి ఆరబెట్టుకోండి, సాంబ్రాణి పొగ పడకపోతే మానెయ్యండి. తీర్థానికి గొడుగు, మంచినీళ్ళు పట్టుకెళ్ళండి. పండగ ముందురోజు రాత్రి పిండివంటలు ఒక రకం తగ్గినా సరే, వేళకు పడుకోండి.

ఇన్ని జాగ్రత్తలు పడినా నొప్పి వస్తే? మందు వేసుకునేట్టయితే మొదట్లోనే, వీలైతే గంటలోపే వేసుకోవాలి. "ఇంకాస్త చూద్దాం, ఈ వంట అయ్యాక చూద్దాం" అని ఓర్చుకుంటే ఆ తరవాత వేసుకున్న మాత్ర సరిగా పనిచెయ్యదు. ఏ మాత్ర అన్నది మీ డాక్టరే చెప్పాలి. కడుపులో పుండున్నవాళ్ళకు, గర్భిణులకు, గుండెజబ్బు వున్నవాళ్ళకు అన్ని మాత్రలూ పనికిరావు. చీకటిగదిలో పడుకుని నుదుటిమీద చల్లటి తడిగుడ్డ వేసుకుంటే హాయిగా వుంటుంది. శొంఠి అరగదీసి పట్టు వేసుకోవడమూ, 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనమూ మనకు అలవాటే. ఆ కాస్త ఊరట కాదనను. కాని ఘాటు వాసన పడనివాళ్ళు దాని జోలికి పోవద్దు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మందులషాపులో అడిగి తెచ్చుకున్న నొప్పిమాత్రలు రోజూ మింగితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెచ్చిపెడతాయి. మామూలు నొప్పిమాత్రలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలూ ట్రిప్టాన్లూ 10 రోజులు దాటి మూడు నెలలపాటు వాడితే ఈ ముప్పు వుంది. అందుకే మాత్రలెన్ని అన్నది కేలండరుమీద రాయమన్నాను. నెలకు నాలుగైదుసార్లకు మించి నొప్పి వస్తూ, ఇంటిపని సాగనివ్వకపోతే, నొప్పి రాకుండా కాసే మందులు వేరే వున్నాయి. ప్రొప్రనలాల్ వంటివి రోజూ కొన్ని నెలలు వాడాలి. అదీ ఉబ్బసం వున్నవాళ్ళకు పనికిరాదు. ఆ సి.జి.ఆర్.పి.ని అడ్డుకునే ఇంజక్షన్లు 2018నించి వచ్చాయి, ఖరీదెక్కువ. అమలాపురంలో వైద్యకళాశాల ఆసుపత్రి వుంది, కాకినాడలో రంగరాయ వైద్యకళాశాలకు చెందిన ప్రభుత్వాసుపత్రి వుంది. మొహమాటపడకుండా చూపించుకోండి. కళ్ళెదుట మెరుపుగీతలు కనిపించేవాళ్ళు పిల్లలు పుట్టకుండా వాడే మాత్రలు మొదలుపెట్టేముందు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఈస్ట్రోజెన్ వున్న మాత్రలతో వాళ్ళకు పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

ప్రతి తలనొప్పీ పార్శ్వపు నొప్పి కాదు. పిడుగుపడ్డట్టు క్షణంలో వచ్చిన భయంకరమైన నొప్పి, జ్వరంతో మెడ వంగకపోవడం, చెయ్యీ కాలూ పడిపోవడం, మాట తడబడడం, యాభై దాటాక మొదటిసారి వచ్చిన నొప్పి - వీటిల్లో ఏదున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బాలింతకు విడవని తలనొప్పి వస్తే అసలు తాత్సారం చెయ్యకూడదు. మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ రోజుల్లో ఎక్కువ. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్ళు తగ్గించే అలవాటు ఇంకా ఏ ఇంట్లోనైనా వుంటే దయచేసి మానిపించండి. ఒంట్లో నీళ్ళు తగ్గడం ఆ ప్రమాదాన్ని పెంచుతుంది.

చివరగా, ఈ నొప్పి లేనివాళ్ళకు ఒక మాట. మీ కోడలో కూతురో తలుపు వేసుకుని పడుకుంటే, ఆవిడ గదిలో దీపం ఆర్పి, టీవీ చప్పుడు తగ్గించి, పిల్లల్ని మీ దగ్గరకు పిలుచుకోండి. వంట ఆలస్యమైతే ఇంట్లో మగవాళ్ళు ఓ పూట అన్నం వార్చుకుంటే కొంప మునగదు. నొప్పి వున్న సోదరీమణులు కూడా "ఏం లేదండీ, కొంచెం తలనొప్పి" అని నవ్వి సరిపెట్టకండి. "పనున్న రోజునే వస్తుందేం?" అని ఎవరైనా అడిగితే, కేలండరు తీసి చూపించండి. నిద్రలేని రాత్రి, తినని పూట, తడిజుట్టు, ఎండ - అన్నీ తేదీలతో సహా అక్కడ వుంటాయి. వచ్చే పండగకు వాటిల్లో ఏ రెండు తగ్గించగలమో అత్తాకోడళ్ళు కలిసి కూర్చుని చూసుకోండి.

సెలవు.