మంచు కబురు ముందే తెలియాలి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



లడఖ్‌లో ఉన్నప్పుడు కనుమ మీద మంచు సంగతి తెలియనిదే మా కాన్వాయ్ కదిలేది కాదు. సముద్రానికీ అదే రూలు.

అంటార్కిటికాలో మన స్టేషన్లు రెండు: మైత్రి 1989 నుంచి, భారతి 2012 నుంచి. అంతకుముందు 1983-84లో దక్షిణ గంగోత్రి కట్టడంలో మన ఆర్మీ వాళ్ల చెయ్యి ఉంది. శీతాకాలమంతా అక్కడ ఉండిపోయేవాళ్లకు డీజిలు, సరుకులు ఎక్కువగా ఓడ మీదే చేరాలి. మనం ఇన్నాళ్లూ అద్దె ఓడలతోనే నెట్టుకొచ్చాం.

2002 జూన్‌లో మాగ్డలీనా ఓల్డెన్‌డార్ఫ్ అనే ఓడ ఆ మంచులో ఇరుక్కుంది. లోపల 107 మంది. దక్షిణాఫ్రికా హెలికాప్టర్లు వెళ్లి చాలామందిని బయటికి తెచ్చాయి. 2013 డిసెంబరులో రష్యా ఓడ ఒకటి ఇలాగే చిక్కింది. గాలి మంచును తోసుకొచ్చి దారి మూసేసింది.

ఉపగ్రహం ఈరోజు మంచు ఎంతమేర ఉందో చూపిస్తుంది. రేపు ఎటు జరుగుతుందో చెప్పాలంటే గాలి, నీటి ప్రవాహం, నీటి వేడి, మంచు మందం ఏళ్ల తరబడి కొలవాలి. ఒక ఏడాది డబ్బు ఆగితే ఆ ఏడాది లెక్క మళ్లీ దొరకదు. పాత అనుభవం కూడా చాలదు. 2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా సముద్రపు మంచు, ఉపగ్రహ లెక్కలు మొదలయ్యాక అప్పటివరకు ఎన్నడూ లేనంతగా తగ్గి, సుమారు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు దిగింది.

2024 జనవరిలో కేంద్రం పృథ్వి పథకానికి, 2021-26 కాలానికి, 4,797 కోట్ల రూపాయలు ఆమోదించింది. దాని అయిదు భాగాల్లో ధ్రువ పరిశోధన ఒకటి మాత్రమే. "అంత దూరపు మంచుకి ఇంత డబ్బా?" అని అడిగేవారున్నారు. రెక్కీ ఖర్చు మిగిల్చి మనుషుల్ని పోగొట్టుకునే కమాండర్‌ని మనలో ఎవరు మెచ్చుకుంటారు? సముద్రం కబురు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. మన పిల్లల్ని ఈ చదువు వైపు కూడా పంపండి.

జై హింద్.